ముగ్గురికీ ఒక్కటే మార్కు

పోయిన వారం జగిత్యాలలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. సాయంత్రం బడి బస్సు దిగి వచ్చిన మనవరాలు పుస్తకాల సంచిని సోఫా మీదికి విసిరేసి, బూట్లయినా విప్పకుండా ఏడుపు లంకించుకుంది. ఏ పిల్ల కొట్టిందో, ఏ టీచరు తిట్టిందోనని కంగారుపడి దగ్గరికి తీసుకుంటే, ఎక్కిళ్ళ మధ్య అసలు సంగతి బయటపడింది. క్లాసులో పిల్లల్ని ముగ్గురేసి జట్లుగా చేసి ఒక పని అప్పజెప్పారట, మార్కులు జట్టంతటికీ సమానంగా వేస్తారట, మా పిల్ల జట్టులో పడ్డ ఒకమ్మాయికి ఏమీ రాదట. "నేను చదివితె నాకు రావాలె గని, నా మార్కులు దానికెందుకు పోవాలె అమ్మమ్మా?" అని ముక్కు ఎగబీలుస్తూ అడిగింది. మా అమ్మాయి అప్పటికప్పుడు ఫోనందుకుని బడివాళ్ళతో వాదనకు దిగింది. నాకేమో నవ్వు ఆగలేదు. ఏడుస్తున్న పిల్లను చూసి నవ్వుతావా అని తల్లీబిడ్డలిద్దరూ నా మీద విరుచుకుపడ్డారు, నేను చేసేదేమీ లేక టీ పెట్టే నెపంతో వంటింట్లోకి జారుకున్నాను.

నవ్వు ఎందుకొచ్చిందో వాళ్ళకు చెబితే అర్థం కాదు. నా ఈడువాళ్ళు మీరైతే తెలుసుకుంటారు. సరిగ్గా ఇదే మాట, ఇంతే కోపంతో, సిరిసిల్లలో మా ఏడో తరగతి గది గుమ్మంలో నిలబడి ఒక పెద్దమనిషి అనగా నేను విన్నాను. అప్పుడు ఆయన బిడ్డ మార్కులు పోగొడుతున్న ఆ ఏమీ రాని పిల్లను నేనే.

మాది నేత కుటుంబం. చేతిమగ్గాలు ఒక్కొక్కటే మూలకు చేరుతూ, కరెంటు మగ్గాలు అప్పుడప్పుడే వస్తున్న రోజులవి. మా బాపు ఒక ఆసామి దగ్గర, అంటే నాలుగు మరమగ్గాలు సొంతంగా పెట్టుకుని మనుషులతో నడిపించుకునే ఆయన దగ్గర, నేత పనికి పోయేవాడు. ఇంట్లో మా అవ్వా, బాపమ్మా బీడీలు చుట్టేవారు. అవ్వ అంటే మా అమ్మ, బాపమ్మ అంటే బాపును కన్నతల్లి, ఇంటికి బాపమ్మ మాటే మాట. బడి వదలగానే నేనూ చాట ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ పక్కన కూర్చునేదాన్ని. నానబెట్టిన తునికాకు వాసన, కత్తెర చప్పుడు, వీధి చివరనుంచి వచ్చే మగ్గాల మోత, ఇవి లేని సాయంత్రం మా వాడలో ఉండేది కాదు. చిన్నప్పుడు నేను కోరుట్లలో చుట్టాలింటికి పోయి, అక్కడ ఆ మోత వినబడక నిద్రపట్టడం లేదని ఏడ్చానని మా అవ్వ చాలాకాలం చెప్పి నవ్వేది. తరువాత అదే కోరుట్లకు కోడలినై పోయాననుకోండి, అది వేరే కథ.

బీడీలు చుట్టడంలో నా చెయ్యి ఎంత చురుకో, లెక్కల్లో నా బుర్ర అంత మొద్దు. కూడికలు, తీసివేతలు ఎట్లాగో గట్టెక్కాయి గానీ భిన్నాలు వచ్చేసరికి పలక దాచుకునేదాన్ని. గీత మీద ఒక అంకె, గీత కింద ఒక అంకె, కలపాలంటే ఒక తీరు, గుణించాలంటే ఒక తీరు, భాగించాలంటే మాత్రం ఎవరో కాలు పట్టి లాగినట్టు ఒకదాన్ని తలకిందులు చెయ్యాలి. ఎందుకు చెయ్యాలని అడిగితే, అంతకుముందున్న సారు బెత్తంతోనే జవాబు చెప్పేవారు. పాపం, ఆయనకూ అట్లాగే చెప్పి ఉంటారు. అడగడం మానేశాను, దాంతోపాటు నేర్చుకోవడమూ మానేశాను.

ఇక్కడ ఒకటి చెప్పాలి. ఆ రోజుల్లో ఏడో తరగతికి జిల్లా అంతటికీ ఒకటే పరీక్ష ఉండేది, మీరూ రాసే ఉంటారు. అది తప్పిన మగపిల్లలు మళ్ళీ రాసేవారు. ఆడపిల్లలు తప్పితే మళ్ళీ బడి మొహం చూసేవారు కాదు. మా బాపమ్మ ఈ సంగతి ముందే తేల్చేసింది. "ఏడు పాసైతె సదువుకోనీ, లేకుంటె చాట ముందట కూసోని ఇంటికింత ఆసరైతది. లెక్కలు రానిదాన్ని బడికి తోలి ఏం జేస్తం?" అని అందరి ముందూ అంది. ఆమె మాటలో కోపం లేదు, అన్యాయమూ లేదు, ఇంటి పరిస్థితి అది. కానీ నాకు బడి అంటే ప్రాణం. తెలుగు పాఠం గట్టిగా చదవమని నన్నే లేపేవారు, ఊరి పేర్లు, నదుల పేర్లు నాకు నోటికొచ్చేవి. ఒక్క లెక్కల వల్ల అదంతా పోతుందని తలచుకుంటే అన్నం సహించేది కాదు.

అట్లాంటి ఏడాదిలో మా బడికి కోరుట్లనుంచి కొత్త లెక్కల టీచరమ్మ వచ్చారు. సన్నగా, పొడుగ్గా, నల్ల గొడుగు ఒకటి ఎప్పుడూ చంకలో పెట్టుకుని ఉండేవారు, వానాకాలం పోయినా ఆ గొడుగు పోయేది కాదు. ఎవరి మీదా చెయ్యెత్తేవారు కారు గానీ నోరు మాత్రం చురుకు. మా ఇంటికి రెండిళ్ళ అవతల అద్దెకు దిగారు. ఒంటరి మనిషి, పొద్దుపోక సాయంత్రాలు మా అరుగు మీదికి వచ్చి కూర్చునేవారు. చదువుకున్న మనిషి మన పక్కన కూర్చుందేమిటని మొదట్లో మా అవ్వ మొహమాటపడి చాట పక్కన పెట్టి లేచి నిలబడేది. "నీ పని నువ్వు చేసుకో అక్కా, నేను ఊకెనే చూస్తున్న" అని ఆమే కూర్చోబెట్టేవారు.

ఆమె నిజంగానే చూస్తూ ఉండేవారు. మా అరుగు మీద చుట్టుపక్కల ఆడవాళ్ళు ఐదారుగురు గుండ్రంగా కూర్చుని చుట్టేవారు. అక్కడొక పద్ధతి ఉండేది, ఎవరు పెట్టారో తెలియదు. బీడీలన్నీ కట్టలు కట్టి కార్ఖానాలో అప్పజెప్పడానికి అందరూ కలిసే పోవాలి, ఒక్కదాని పని మిగిలి ఉన్నా మిగతావాళ్ళు లేవరు. చంకలో పసిపిల్లతో ఒకామె వెనకబడిందంటే, అడగకుండానే ఆమె చాటలోంచి ఇటువైపావిడ పిడికెడు ఆకు, అటువైపావిడ పిడికెడు ఆకు తీసుకుని చుట్టి పడేసేవారు. దానికి మెచ్చుకోళ్ళూ లేవు, దెప్పిపొడుపులూ లేవు. దెప్పిపొడుపులు లేవంటే మరీ అబద్ధమవుతుంది, వేళాకోళం దండిగా ఉండేది, కానీ పని ఆగేది కాదు.

ఒకనాడు టీచరమ్మ చూపు నా పక్కన కూర్చున్న పిల్ల మీద పడింది. మా సందు మూలన బట్టలు కుట్టే దర్జీ చాచా బిడ్డ ఆమె, నా క్లాసే. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, కోపమొస్తే రెండూ కలిపి కొట్టేది. వాళ్ళింట్లో బీడీల పని లేదు గానీ నా కోసం వచ్చి కూర్చుని, ఊరికే ఉండలేక నేర్చుకుంది. చేతులు అప్పటికే గబగబా ఆడుతున్నాయి.

"దీనికి ఎవలు నేర్పిండ్రు?" అని టీచరమ్మ అడిగారు.

"నేనే టీచర్" అన్నాను.

"ఎట్ల నేర్పినవ్?"

అదేం ప్రశ్న అనుకున్నాను. అందరికీ నేర్పినట్టే నేర్పాను. మొదట్లో నేను చుట్టిన బీడీకి మూతి మాత్రమే ముడవమన్నాను. అది కుదిరాక నేను చుట్టి ఇస్తే దారం కట్టమన్నాను. ఆ తరువాత చుట్టడం, అన్నిటికంటే చివర ఆకు కత్తిరించడం. తప్పు చేసిన బీడీని నేను విప్పి ఇచ్చేదాన్ని, తనే మళ్ళీ చుట్టేది. ఇదంతా చెబుతుంటే టీచరమ్మ నావైపు అదోలా చూసి, "ఓసి పిల్లా, నాకు టీచర్ ట్రైనింగుల గింత మంచిగ చెప్పలే" అని పకపకా నవ్వారు. మా బాపమ్మ కూడా నవ్వింది, ఎందుకో ఆమెకు తెలిసి కాదు.

మరునాడు క్లాసులో వరుసలన్నీ చెరిపేశారు. ముగ్గురేసి మొహాలు ఎదురెదురుగా పెట్టుకుని కింద కూర్చోమన్నారు. ముగ్గురికీ ఒకటే పలక. నన్నూ దర్జీ చాచా బిడ్డనూ ఒకచోట వేసి, మూడో మనిషిగా క్లాసులో లెక్కల్లో అందరికంటే ముందుండే పిల్లను తెచ్చి కూర్చోబెట్టారు. ఆ పిల్ల ఎవరో కాదు, మా బాపు పనిచేసే ఆసామి బిడ్డ. రిబ్బన్లతో రెండు జడలు, మంచి బట్టలు. నా పక్కన కూర్చోవడానికి ఆమెకు మొహం చిన్నబోయింది, ఆమె పక్కన కూర్చోవడానికి నాకు ఒళ్ళంతా ముడుచుకుపోయింది. ఇక టీచరమ్మ పెట్టిన నియమం వింటే మా ఇద్దరికీ గుండెల్లో రాయి పడింది. ఇచ్చిన లెక్కలు ముగ్గురూ కలిసి చెయ్యాలి, తరువాత ఆమె ముగ్గురిలో ఎవరో ఒకరిని బోర్డు దగ్గరికి పిలుస్తారు, ఎవరిని పిలుస్తారో ముందు చెప్పరు, ఆ ఒక్కరికి వచ్చిన మార్కే ముగ్గురికీ.

అప్పుడు మేమేం చేశామో వింటే మీకు నవ్వొస్తుంది. అరుగు మీద ఏది చూసి పెరిగామో అదే చేశాం. నేను వెనకబడ్డానని కనబడగానే దర్జీ చాచా బిడ్డ నా వంతు లెక్క లాక్కుని చేసి పడేసింది, ఆమెకు రానిది ఆసామి బిడ్డ విసుక్కుంటూనే చేసింది. మా పలక అందరికంటే ముందు గాలిలోకి లేచింది. మేమే కాదు, క్లాసులో ఉన్న నేతవాళ్ళ పిల్లలందరం అంతే, వెనకబడ్డవాళ్ళ పని పంచుకోవడమే సాయమని మాకు తెలుసు. కలిసి కూర్చోమంటే అర్థం అదేననుకున్నాం. టీచరమ్మ పలక చూసి తలూపి, "నువ్వు రా బిడ్డా" అని నన్ను బోర్డు దగ్గరికి పిలిచారు. సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాను. నిలబడే ఉన్నాను. గంట కొట్టేదాకా నిలబడినట్టే అనిపించింది. ముగ్గురికీ సున్నా.

ఆసామి బిడ్డ బొటబొటా కన్నీళ్ళు కార్చింది. జీవితంలో ఆమెకది మొదటి సున్నా. మిగతా జట్లలోనూ చాలామంది సంగతి అంతే. టీచరమ్మ కోప్పడతారనుకుంటే, వచ్చి మా మధ్యలో నేల మీద కూర్చున్నారు. "తప్పు నాదే, మంచిగ చెప్పలే. ఆకు మీరు చుట్టిచ్చినా బీడీ అయితది, కార్ఖానాల తీసుకుంటరు. లెక్క మీరు చేసిచ్చినంక దీనికేం మిగిలింది? గీ దర్జీ పిల్లకు బీడీ నేర్పేటప్పుడు నువ్వు విప్పి ఇచ్చినవ్ గద, చుట్టింది అదే గద. గట్ల నేర్పుకోండ్రి" అన్నారు. ఆ మాట నాకు చటుక్కున అర్థమైంది. లెక్కల క్లాసులో నాకు మొదటిసారి అర్థమైన మాట అది.

అర్థమైతే సరిపోదు కదా. ఆసామి బిడ్డ నాకు చెప్పాలని కూర్చునేది, "రెండోదాన్ని తలకిందులు చెయ్, గుణించు" అనేది, నేను "ఎందుకు?" అనేదాన్ని, "ఎందుకేంది? అంతే" అనేది. ఇట్లా రోజూ జగడమే. ఒక సాయంత్రం ముగ్గురం దర్జీ చాచా దుకాణం మెట్ల మీద కూర్చుని అరను పావుతో భాగించలేక తలలు పట్టుకున్నాం. మా గొడవ భరించలేక దర్జీ చాచా బిడ్డ లోపలికి పోయి, ఒక గుడ్డ ముక్క తెచ్చి మా ముందు పరిచింది.

"అరే, గిది అర గజం. ఒక్క జేబుకు పావు గజం కావాలె. ఎన్ని జేబులొస్తయి?"

"రెండు" అన్నాను, ఆలోచించే పనే లేకుండా.

"మరి గదే గద లెక్క! గజంల పావులు నాలుగు. గందుకు నాలుగుతోని గుణిస్తం. అరనే ఉన్నది గనుక సగం, రెండు. అయిపాయె!"

ఆమె తన తండ్రి గుడ్డ కత్తిరించేటప్పుడు రోజూ చూసేదే చెప్పింది, పెద్ద విషయం కనిపెట్టినట్టు ఆమెకేమీ అనిపించలేదు. నేను ఆ గుడ్డను మడతపెట్టి విప్పి, మళ్ళీ మడతపెట్టి చూసుకున్నాను. ప్రతిసారీ రెండే వచ్చాయి. అంతకంటే చిత్రం, నా పక్కన ఆసామి బిడ్డ నోరు తెరుచుకుని చూస్తోంది. "గందుకేనా తలకిందులు చేసేది?" అంది మెల్లగా. ఇన్నాళ్ళూ నూటికి నూరు తెచ్చుకుంటున్న పిల్లకు కూడా అది ఎందుకో తెలియదని ఆనాడు మాకు తెలిసింది, నాకైతే ఆమె మీద ఉన్న బెదురు సగం పోయింది. ఆ తరువాత మా మాటల్లో మర్యాద తగ్గింది, చనువు పెరిగింది. జేబులు అయిపోయాక కాలర్లు, కాలర్లు అయిపోయాక మా బీడీ కట్టలు, ఏది దొరికితే దానితో భాగించాం. దర్జీ చాచా నెలల తరబడి మాకోసం గుడ్డ పీలికలు ఒక డబ్బాలో దాచి ఉంచేవాడు.

అయితే ఈలోపల జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఆ సున్నా, దాని వెనకే వచ్చిన ఇంకొన్ని తక్కువ మార్కులు ఆసామి ఇంటికి చేరాయి. ఆయన మా బాపును మగ్గం దగ్గరే నిలబెట్టి, నీ బిడ్డ వల్ల నా బిడ్డ పాడవుతోందని అన్నాడట. బాపు ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూలబడ్డాడు. చివరకు బాపమ్మతో, "అన్నం పెట్టే ఆయనతోని మాట వడుడెందుకు, రేపటిసంది దీన్ని బడి బంద్ చేయిస్త" అన్నాడు. పరీక్ష దాకా గడువుందని నేను మనసును సముదాయించుకుంటున్నాను, ఆ గడువు కూడా పోయింది. నేను బాపు కాళ్ళ మీద పడి ఒక్కరోజు, రేపొక్కరోజు పోయివస్తానని బతిమాలాను. ఆయన మొహం తిప్పుకుని పడుకున్నాడు, తెల్లారి ఆయన లేవకముందే నేను బడికి బయలుదేరాను.

మరునాడు లెక్కల పీరియడు నడుస్తుండగా ఆసామి స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తెల్లటి ధోవతి, భుజం మీద కండువా. "మా బిడ్డ కష్టపడి చదువుతది. దాని మార్కులు గా పిల్లకెందుకు పోవాలె టీచరమ్మా? ఇయ్యాలటిసంది దాన్ని యేరే కూసోబెట్టుండ్రి" అన్నాడు. టీచరమ్మ తొణకలేదు, కుర్చీ వేయించి కూర్చోమన్నారు. పిల్లలు నేర్చుకుంటున్నారని, కొంచెం ఓపిక పట్టమని అంటుండగానే ఆయన, "ఏం నేర్చుకున్నరో చూద్దాం, గా పిల్లనే పిలువుండ్రి" అని వేలితో నన్ను చూపించాడు.

బోర్డు మీద టీచరమ్మ లెక్క వేశారు. ముప్పావును అరపావుతో, అంటే పావులో సగంతో, భాగించాలి. నన్నెవరూ సైగ కూడా చెయ్యొద్దని ఆసామే హెచ్చరించాడు. సుద్దముక్క అందుకున్నాను. తలకిందులు చెయ్యాలని గుర్తుంది గానీ ఆ కంగారులో దేన్ని చెయ్యాలో తెలియక మొదటిదాన్ని తిప్పేశాను. గుణించి, కొట్టివేసి, ఆరింట ఒకటి అని రాశాను. క్లాసులో ఎవరో నాలుక చప్పరించిన చప్పుడు వినిపించింది. ఆసామి కండువా సర్దుకుని లేవబోయాడు. నేను కిందికి దిగబోతూ నేను రాసిందే మరోసారి చూశాను. ముప్పావు గజం గుడ్డ నా కళ్ళ ముందు పరుచుకుంది. చిన్న చిన్న అరపావు ముక్కలు దానిలోంచి తీస్తుంటే ఒక్క ముక్క కూడా పూర్తిగా రాదా, అందులో ఆరో వంతే వస్తుందా? అరచేత్తో బోర్డు తుడిచేశాను.

"ఎందుకు చెరిపినవ్?" అని ఆసామి గద్దించాడు.

"గంత గుడ్డల ఒక్క జేబు గూడ రాదా సేటూ?" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో నాకే తెలియదు. పావులో రెండు, మూడు పావుల్లో ఆరు అని పైకే అనుకుంటూ, రెండోదాన్ని తిప్పి మళ్ళీ చేశాను. ఆరు వచ్చింది.

గుడ్డ మీద బతికే మనిషి కదా, ఆయన బోర్డు వైపు చూస్తూ వేళ్ళ మీద తనూ లెక్క వేసుకున్నాడు. మెచ్చుకోలేదు. తన బిడ్డ వైపు తిరిగి, "నీకు గిట్ల తెల్సా?" అన్నాడు. ఆ పిల్ల లేచి నిలబడి, "గీళ్ళు చెప్పినంకనే తెల్సింది బాపూ. నేనెటు పోను, గీడనే కూసుంట" అంది. తండ్రికి ఎదురు చెప్పే పిల్ల కాదు ఆమె, ఆ మాట అనేసి తనే ఏడ్చింది. ఆయన గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి, "సరే కూసోనియ్యుండ్రి" అని టీచరమ్మతో అని వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం బాపుతో ఏం చెప్పాడో మాకు తెలియదు. బాపు అన్నం తింటూ తింటూ, "అవ్వా, దీన్ని పరీక్ష రాయనియ్యి" అని మాత్రం అన్నాడు. నేను కంచం ముందు కూర్చునే ఏడ్చాను, బాపమ్మ నన్ను తిట్టుకుంటూనే ఇంకో ముద్ద పెట్టింది.

పరీక్ష రాశాం. ముగ్గురం పాసయ్యాం. ఆసామి బిడ్డకు అందరికంటే ఎక్కువ వచ్చాయి, నా వల్ల ఆమె మార్కులేమీ తగ్గలేదు. నన్ను ఎనిమిదో తరగతికి పంపడానికి బాపమ్మ మారుమాట్లాడకుండా ఒప్పుకుంది, పైగా వాడలో అందరికీ తనే నేర్పినట్టు చెప్పుకుంది. ఇంతవరకే అయితే ఈ కథ ఎంతో హాయిగా ముగిసేది. కానీ ఆ వేసవిలో దర్జీ చాచా భార్య కాన్పు తరువాత మంచం పట్టింది. ఇంట్లో చంటిపిల్ల, ఆ పైన ఇంకా చిన్నవాళ్ళు. అందరికంటే పెద్దది నా స్నేహితురాలే. నేనూ, ఆసామి బిడ్డా దుకాణానికి పోయి, తనను బడికి పంపమని అడిగాం. దర్జీ చాచా మంచి మనిషి, మిషను ఆపి మా ఇద్దరి తలలూ నిమిరాడు. "దాని అమ్మీ లేస్తలేదు బిడ్డా, ఇంట్ల ఎవలు చూడాలె?" అన్నాడు. మేమిద్దరం ఆ మెట్లు దిగి వచ్చేశాం. టీచరమ్మ కొన్నాళ్ళు సాయంత్రాలు వాళ్ళింటికి పోయి చెప్పారు గానీ, ఆమెకూ గోదావరి ఒడ్డున వెల్గటూరు దిక్కు బదిలీ అయింది. గొడుగు చంకలో పెట్టుకుని బస్సెక్కుతూ ఆమె మా ముగ్గురినీ పేరు పేరునా పిలిచి జాగ్రత్తలు చెప్పారు.

నేను పదో తరగతి పాసయ్యాను. పెళ్ళయి కోరుట్లకు వచ్చాక, ఆ పది పాసుతోనే అంగన్‌వాడీ టీచరునయ్యాను. ఇబ్రహీంపట్నం దగ్గర పల్లెల్లో, పసుపు ఉడకబెట్టే వాసన మధ్య, తండ్రులు గల్ఫ్‌లో ఉన్న పిల్లలను ఒళ్ళో వేసుకుని నా ఉద్యోగమంతా గడిచింది. అంగీ గుండీలు పెట్టుకోవడం పెద్దపిల్లలతో చిన్నపిల్లలకు నేర్పించేదాన్ని, చిన్నవాళ్ళు తప్పు గుండీ పెడితే విప్పి ఇవ్వమని, తాము పెట్టొద్దని పెద్దవాళ్ళకు చెప్పేదాన్ని. అది ఎవరి దగ్గర నేర్చుకున్నావని సూపర్‌వైజర్ మేడం ఒకసారి అడిగితే, బీడీల అరుగు మీద అని చెప్పాను, ఆమె వేళాకోళమనుకుంది.

ఇప్పుడు ఆడపిల్లను ఏడుతో ఆపుతామనే ఇల్లు మా దిక్కున వెతికినా దొరకదు, ఆ ఒక్క మార్పుకే కాలానికి చేతులెత్తి దండం పెడతాను. పిల్లకొక కుర్చీ, పిల్లకొక ట్యూషను, పిల్లకొక ఫోను వచ్చాయి. మంచిదే. అరుగులు మాత్రం పోయాయి, పక్కవాళ్ళ చాటలోకి తొంగిచూసే తీరిక పోయింది. నేను ఎవరి వల్ల నిలబడ్డానో ఆ ఇద్దరినీ, ఆ గొడుగు టీచరమ్మనూ తలచుకోని రోజు లేదు. వాళ్ళు లేకపోతే నేను చదువుకునేదాన్ని కాను, ఇట్లా మీకు నాలుగు మాటలు రాసేదాన్నీ కాను.

ఎనిమిదో తరగతి మొదటిరోజు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. నేనూ, ఆసామి బిడ్డా ఒకే బెంచీకి పోయి కూర్చున్నాం. ముందుగా ఏమీ అనుకోలేదు, ఒకరితో ఒకరం చెప్పుకోనూ లేదు, కానీ ఆమె ఆ చివర, నేను ఈ చివర, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నాం. కొత్త సారు వచ్చి, దగ్గరికి జరగండి, ఇంకొకరికి చోటివ్వండి అన్నారు. ఇద్దరం తలలు వంచుకున్నాం గానీ జరగలేదు. నాకు లెక్క నేర్పిన పిల్ల ఆ సమయానికి చెల్లెలిని చంకనేసుకుని ఇంట్లో పొయ్యి ఊదుతూ ఉంటుందని మా ఇద్దరికీ తెలుసు. ఆమె నన్ను బడిలో ఉంచింది. మేమిద్దరం కలిసి ఆమెను ఉంచలేకపోయాం.